మనవాళ్ళు ఎంతమంది

దమయంతి వంటింటి కప్పు మీద మరక మొదట అరచేయంత ఉండేది. క్రిస్మస్ నాటికి పళ్ళెమంత అయింది. ఫిబ్రవరి వచ్చేసరికి నీళ్ళు చుక్కలు చుక్కలుగా పొయ్యి మీదికే పడుతూ, పోపు గిన్నెలో చిటపటలాడడం మొదలుపెట్టాయి. పైన మూడో అంతస్తులో కొత్తగా దిగినవాళ్ళు చేసే స్నానాల నీళ్ళవి.

లిస్బన్‌లో కొండ మీదికి ఎక్కే ఒక సన్నటి సందులో ఉంది ఆ మేడ. కింద బట్టల కొట్టు దమయంతిది, ఆమె భర్త వ్రజ్‌లాల్‌ది. మొదటి అంతస్తులో ట్రామ్ నడిపి రిటైరైన అబీలియో ఒక్కడే ఉంటాడు. రెండో అంతస్తులో వీళ్ళు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఇదే ఏర్పాటు. మూడో అంతస్తులో ఒక ముసలామె ఉండేది. ఆమె పోయాక మనవడు ఆ ఇల్లు ఎవరికో అద్దెకిచ్చాడు, వాళ్ళు ఇంకెవరికో ఇచ్చారు. చివరికి పంజాబ్ నుంచి వచ్చిన మగవాళ్ళు కొందరు అందులో తేలారు. సైకిళ్ళ మీద తిండి పొట్లాలు చేరవేసేవాళ్ళు, హోటళ్ళలో గిన్నెలు కడిగేవాళ్ళు. మొత్తం ఎంతమందో ఎవరికీ తెలియదు. మెట్ల మీది చెప్పుల్ని బట్టి లెక్కకడదామంటే అవి పూటకో రకంగా ఉండేవి.

ఒక మంగళవారం పొద్దున అబీలియో కొట్టులోకి వచ్చి బల్ల మీద ఒక కాగితం పరిచాడు.

"దోనా దయా, ఇక్కడో సంతకం పడెయ్యండి."

దోనా అంటే అమ్మగారు. దమయంతి అన్న పేరుకు మాత్రం ఆయన నోరు ఏనాడూ తిరగలేదు. కొన్నాళ్ళు తంటాలుపడి దయా దగ్గర ఆగిపోయాడు. ఇప్పుడు వీధంతా ఆమెకు అదే పేరు.

ఆమె కళ్ళజోడు పెట్టుకుని చదివింది. మూడో అంతస్తులో జనం కిక్కిరిసి ఉన్నారు, గొట్టాలు పగిలాయి, నిప్పంటుకుంటే ఎవరూ బయటపడరు, పురపాలక అధికారులు వచ్చి చూడాలి. అన్నీ నిజాలే. చివర మాత్రం ఒక వాక్యం ఉంది: పరాయిదేశస్థుల మూలంగా మా వీధి మాది కాకుండా పోతోంది.

"ఈ ఆఖరి ముక్క ఎందుకు?" అంది.

"అది మందుల షాపావిడ రాయించింది. మీ గురించి కాదు లెండి. మీరు మనవాళ్ళేగా."

వ్రజ్‌లాల్ కర్టెన్ గుడ్డ కొలుస్తూ తల ఎత్తకుండానే, "పెట్టవే. వాళ్ళు స్నానం చేస్తున్నది మన పప్పులో," అన్నాడు.

ఆమె పెట్టింది. బడిలో నేర్పినట్టు పోర్చుగీసు అక్షరాల్లో, పొడుగు తోకలతో, దమయంతి కాంజీ అని. పదకొండు సంతకాల్లో ఆఖరిది అదే.

కాంజీ ఆమె తండ్రి పేరు. తాపీపని చేసే కాంజీ గుజరాత్ ఒడ్డునున్న డయ్యూ దీవి నుంచి ఓడెక్కి మొజాంబిక్ వెళ్ళాడు. అప్పట్లో రెండూ పోర్చుగీసు జెండా కిందే ఉండేవి కనుక, సముద్రం దాటినా దేశం దాటినట్టు కాదు. దమయంతి పుట్టింది అక్కడే, ఇన్యాంబానె రేవులో. డయ్యూలో ముందే దిగిన ఆ జెండా, ఆమెకు ఏడేళ్ళప్పుడు అక్కడా దిగిపోయింది. కుటుంబమంతా విమానంలో లిస్బన్ చేరితే, గుమాస్తా వాళ్ళ కాగితాల మీద "తిరిగివచ్చినవారు" అని ముద్ర కొట్టాడు. ఇంట్లో ఎవరూ అంతకు ముందు ఆ ఊరి ముఖం చూసింది లేదు. ఇరవై మూడేళ్ళప్పుడు ఒక్కసారి వీసా పెట్టించుకుని డయ్యూ వెళ్ళింది. నెలరోజులు మేనత్తల ఇళ్ళలో తిరిగితే, వీధిలో పిల్లలు వెంటపడి దొరసాని, దొరసాని అని అరిచారు. మళ్ళీ వెళ్ళలేదు.

ఎవరైనా ఏ ఊరు మీది అని అడిగితే ఆమె కొట్టున్న సందు పేరు చెప్పేది. చాలామందికి అది సరిపోయేది.

మూడు వారాల తర్వాత పురపాలక కార్యాలయం నుంచి ఒక ఇంజినీరమ్మ వచ్చింది. పేరు ఫిలొమెనా. చేతిలో అట్ట, మెడలో కార్డు, ముఖంలో విసుగు. తర్జుమాకి రావలసిన మనిషి రాలేదట.

"మీరు వాళ్ళ భాష మాట్లాడతారు కదా?" అని దమయంతిని అడిగింది.

"ఏ భాష?"

"అదే, వాళ్ళది. ఇండియాది."

ఇంట్లో మాట్లాడేది గుజరాతీ అని, అందులోనూ సగం పోర్చుగీసని, వాళ్ళది పంజాబీ అని చెప్పబోయింది. ఈలోపు వ్రజ్‌లాల్ అందుకున్నాడు. "ఎందుకు మాట్లాడదూ? చిన్నప్పట్నుంచీ హిందీ సినిమాలు చూసి చూసి నా ప్రాణం తీసింది. వెళ్ళవే, ఉపయోగపడుతుంది."

పైకి వెళ్ళి తలుపు తట్టారు. తీసినవాడికి ముప్ఫై నాలుగు, ముప్ఫై అయిదేళ్ళు ఉంటాయి. గడ్డం, తలకు తువ్వాలు, కాళ్ళకు రెండు రకాల సాక్సులు. సుఖ్‌చైన్ అని చెప్పాడు. వెనక చీకటి నడవలో ఇంకా నాలుగైదు తలలు కనిపించాయి. ఉల్లిపాయలు వేగుతున్న వాసన వస్తోంది. అచ్చంగా తన వంటింటి వాసనే, కానీ ఏదో ఒకటి ఎక్కువైంది, ఏదో ఒకటి తక్కువైంది. అదేమిటో ఆమెకు తెలియలేదు.

దమయంతి గొంతు సవరించుకుంది. ఆమెకు వచ్చిన హిందీ అంతా ప్రేమికులది, తల్లులది, దొంగలది. కన్నీళ్ళకూ ప్రతీకారానికీ మాటలున్నాయి గాని, నీళ్ళ గొట్టానికి లేవు.

"ఓ యువకుడా," అంది, "ఈ అధికారిణి నీ గృహాన్ని దర్శించగోరుతోంది. భయపడకు."

సుఖ్‌చైన్ కనుబొమలు పైకి లేచాయి. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. "రండి రండి ఆంటీ," అన్నాడు తేలికపాటి హిందీలో. "మీరు మనవాళ్ళా? హమ్మయ్య. మేం ఇంకా పోలీసులేమో అనుకున్నాం."

ఇంజినీరమ్మ గదులు తిరిగింది, గొట్టాలు చూసింది, కిటికీలు కొలిచింది. పరుపులు గోడకు నిలబెట్టి ఉన్నాయి, ఒకదాని మీద ఒకటి. చివరికి అట్ట మీద కలం పెట్టి, "ఇక్కడ ఎంతమంది పడుకుంటారో అడగండి," అంది.

అడిగింది.

"పద్నాలుగు మందిమి ఆంటీ," అన్నాడు సుఖ్‌చైన్, దాచడానికి ఏమీ లేనట్టు. "ఇద్దరిది రాత్రి డ్యూటీ. అందుకని ఒక్కసారి పడుకునేది పన్నెండు మందే."

పద్నాలుగుకి గుజరాతీలోనూ ఇంచుమించు అదే మాట. పొరబడడానికి వీల్లేదు. పైగా ఆ పద్నాలుగు మందిని బయటపెట్టమనే కదా తను సంతకం పెట్టింది. దమయంతి ఇంజినీరమ్మ వైపు తిరిగి, నోరు తెరిచి, "నలుగురు," అంది.

"నలుగురా?"

"నలుగురే."

ఇంజినీరమ్మ గుమ్మం దగ్గరున్న చెప్పుల గుట్టను చూసింది. "నలుగురికి ఇన్ని చెప్పులా?"

"మావాళ్ళు..." అంది దమయంతి. "మావాళ్ళకు చెప్పుల పిచ్చి."

ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆమెకే అర్థం కాలేదు. ఇంజినీరమ్మ ఆమెను ఒక క్షణం చూసి, గోడకున్న పరుపులన్నీ లెక్కపెట్టుకుని, ఏదో రాసుకుని దిగిపోయింది. తిండి పొట్లాలు చేరవేసేవాడికి అంకెలు రాకుండా ఉండవు. సుఖ్‌చైన్‌కు నలుగురు అన్న పోర్చుగీసు మాట తెలుసు. అతను దమయంతి వైపు చూసి రెండు చేతులూ జోడించాడు. ఆమె ఒక మెట్టు తప్పి, గోడ పట్టుకుని దిగింది.

"నలుగురని ఎందుకన్నావు? వినబడలేదా?" అన్నాడు వ్రజ్‌లాల్, సంగతి విని.

"వినబడింది."

"మరి?"

"నోట్లోంచి అదే వచ్చింది."

"నీ నోరు ఎవరి వైపే?" అన్నాడు. నిజంగా తెలుసుకుందామనే అడిగాడు. ఆమె ఇత్తడి గజంబద్ద తీసుకుని తుడవడం మొదలుపెట్టింది.

ఆ సాయంత్రం మొజాంబిక్ కూరకు కర్రపెండలం ఆకులు దంచుతుంటే తల్లి చెప్పిన ఒక సంగతి మనసులోకి వచ్చింది. దమయంతి పుట్టకముందు, డయ్యూని ఇండియా తీసేసుకున్న ఏడాది, మొజాంబిక్‌లో ఉన్న ఇండియా వాళ్ళను పోర్చుగీసు పోలీసులు క్యాంపుల్లో పెట్టారు. పక్కింటి దర్జీ ఇండియా వైపున్న పోర్‌బందర్ మనిషి. పోలీసులు కాంజీని అడిగారట, ఇతను మీవాడేనా అని. కాదు, అతనిది అవతలి పక్క, నేను డయ్యూవాణ్ణి అన్నాడట కాంజీ. అది అబద్ధం కాదు. దర్జీ పెళ్ళాం పిల్లల్ని తీసుకుని లారీ ఎక్కాడు. కాంజీ ఆ తర్వాత రెండేళ్ళపాటు కొత్త చొక్కా కుట్టించుకోలేదని తల్లి చెప్పింది. తండ్రి నోట ఆ మాట ఎన్నడూ రాలేదు. ఆయన చేసింది తప్పని దమయంతి ఎప్పుడూ అనుకోలేదు, ఒప్పనీ అనుకోలేదు. ఇప్పుడు కూడా ఏమీ తేల్చుకోలేక ఆకులు మరీ మెత్తగా దంచేసింది.

నోటీసు ఏప్రిల్‌లో వచ్చింది. సుఖ్‌చైన్ దాన్ని మడిచి జేబులో పెట్టుకుని కొట్టుకు తెచ్చాడు. ఆ వేళ కొట్టులో దమయంతి ఒక్కతే ఉంది.

"కాస్త చదివి పెట్టండి ఆంటీ. ఫోన్‌లో పెడితే ఏదో చెప్తుంది గానీ తలాతోకా లేదు."

ఆమె చదువుతూ తనకు చేతనైన హిందీలో చెప్పుకుంటూ పోయింది. ఆ ఇంట్లో అయిదుగురికి మించి ఉండకూడదు. మిగతావాళ్ళు ముప్ఫై రోజుల్లో ఖాళీ చేయాలి. గొట్టాలు ఇంటివాళ్ళు బాగుచేయించాలి. సుఖ్‌చైన్ తల ఊపుతూ విన్నాడు. రెండో కాగితం తిప్పి ఆమె చదవడం ఆపింది. ఫిర్యాదు నకలు, కింద పేర్లు.

"అదేంటి?"

"ఎవరెవరు ఫిర్యాదు చేశారో రాశారు."

"చదవండి. ఎవరో తెలిస్తే మేం వెళ్ళి క్షమించమని అడుగుతాం. నీళ్ళు కారిన మాట నిజమే కదా."

ఆమె చదివింది. అబీలియో పేరు, మందుల షాపావిడ పేరు, రొట్టెల కొట్టతని పేరు, ఇంకో ఏడు పేర్లు. అక్కడికి ఆపేసి కాగితం మడిచి ఇచ్చేయవచ్చు. ఆ గొలుసుకట్టు రాత అతను చదవలేడు. ఆమె మడవలేదు.

"దమయంతి కాంజీ," అంది.

సుఖ్‌చైన్ ముందుకు వంగాడు. "ఇదెవరు? మనవాళ్ళ పేరులా ఉందే."

"నేనే."

"మీ పేరు దయ కదా?"

"దయా కాదు. ఇది నా పేరు. ఈ సంతకం నాది."

అతను తేలిగ్గా నవ్వాడు. "ఓ, ఆరోజు మీరు తర్జుమాకి వచ్చారు కదా, అందుకని రాసేసుంటారు. ఈ ఆఫీసులంతే ఆంటీ. మా పిన్ని కొడుకు పెళ్ళికి ఫోటో తీసినవాడి పేరు సాక్షి కింద రాసేశారు."

"కాదు, కాదు. అంతకు ముందే పెట్టాను." ఫిర్యాదు అన్న మాట హిందీలో తెలుసు. ఇష్టపడి, ఆలోచించి, చిరాకులో పెట్టానని, ఆఖరి వాక్యం నచ్చకపోయినా పెట్టానని చెప్పడానికి మాటలు లేవు. ఉన్న మాటలతోనే చెప్పింది. "నేనే ఆ ద్రోహిని. నా ఈ చేతితోనే. నన్ను శిక్షించు."

సుఖ్‌చైన్ పడీపడీ నవ్వాడు. కళ్ళు తుడుచుకుంటూ, "అబ్బా, మీరు భలే మాట్లాడతారు ఆంటీ. పైన మా వాళ్ళకు మీ డైలాగులు చెప్తే చాలు, వంట మానేసి పడి దొర్లుతున్నారు," అన్నాడు. ఆమె ఇంకోసారి ప్రయత్నించింది. అతను ఇంకా నవ్వాడు. ఆ తర్వాత నవ్వు ఆపి, మెల్లగా, "మీరు నలుగురని చెప్పింది నేను విన్నాను. నాకు తెలుసు మీరెవరో," అన్నాడు.

తనకే తెలియని సంగతి ఇతనికి ఎలా తెలుసో అడగాలనిపించింది. దానికీ హిందీ చాలలేదు.

తొమ్మిది మంది వెళ్ళిపోయారు. దక్షిణాన ప్లాస్టిక్ పందిళ్ళ కింద పళ్ళు పండించే తోటల్లోకి కొందరు, పోర్తో నగరానికి ఇద్దరు. సంచులు భుజాన వేసుకుని మెట్లు దిగుతూ ఒక్కొక్కరూ కొట్టు ముందు ఆగి ఆమెకు నమస్కారం పెట్టారు. వ్రజ్‌లాల్ మొదటివాడికి తల పంకించాడు, రెండోవాడి వేళకు లోపల ఏదో పనుందని వెళ్ళిపోయాడు. గొట్టం మార్చారు. మరక ఎండి చుట్టూ పసుపు గీత మిగిలింది. నిశ్శబ్దం వచ్చింది గాని, పొద్దున్నే అయిదింటికి పైన కుళాయి చప్పుడుతో లేచే అలవాటు దమయంతికి పోలేదు.

మేలో సుఖ్‌చైన్ మళ్ళీ వచ్చాడు. అతనికి ఆ చిరునామాలోనే ఉంటున్నట్టు ధ్రువపత్రం కావాలి. అది లేకపోతే మిగతా కాగితాలు కదలవు. పేట కార్యాలయంలో, ఆ పేట ఓటర్ల జాబితాలో ఉన్నవాళ్ళిద్దరు వచ్చి, అవును ఇతను ఇక్కడే ఉంటున్నాడని సంతకం పెట్టాలట.

"మీరొకరు," అన్నాడు. "ఇంకొకరు ఎవరో మీరే చెప్పాలి."

వ్రజ్‌లాల్‌ను అడిగితే, "నాకు మోకాళ్ళ నొప్పి," అన్నాడు. ఆమెకు ఇంకెవరూ తోచలేదు. ఒకటో అంతస్తు తలుపు తట్టి, సిగ్గుపడుతూ అబీలియోకి విషయం చెప్పింది. ఆయన గడ్డం గోక్కున్నాడు.

"అతను పైనే ఉంటున్నాడా?"

"ఉంటున్నాడు."

"మరింకేం? ఉంటున్నాడనే కదా మనం ఫిర్యాదు చేశాం. ఆగండి, కోటు వేసుకొస్తాను."

ముగ్గురూ కొండ దిగి వెళ్ళారు. అబీలియో దారిపొడుగునా సుఖ్‌చైన్‌కు ట్రామ్ పట్టాల గురించి పోర్చుగీసులో చెప్పుకుపోయాడు. అతను అర్థమైనట్టు తల ఊపుకుంటూ నడిచాడు.

గుమాస్తా కొత్తవాడు. అబీలియో కార్డు తీసుకుని రాసుకున్నాడు. దమయంతిని చూడగానే గొంతు పెంచి, ఒక్కో మాటా విడదీసి, "అమ్మా... మీకు... ఇక్కడ ఉండే... అనుమతి కార్డు... ఉందా?" అన్నాడు.

ఆమె సంచిలో కార్డు వెతుకుతుంటే అబీలియో ముఖం కందగడ్డయింది. "ఆవిడకు అనుమతేంటయ్యా? నువ్వు పుట్టకముందు నుంచీ ఈ పేటలో ఓటేస్తోంది. ఆవిడ మన మనిషి. ఇదిగో, వీళ్ళలాంటిది కాదు," అని సుఖ్‌చైన్ వైపు బొటనవేలు చూపించాడు. అతని కోసమే తను వచ్చానన్న సంగతి ఆయనకు గుర్తున్నట్టు లేదు.

గుమాస్తా క్షమించమని, పుట్టిన ఊరు అడిగాడు.

"ఇన్యాంబానె."

"అది ఇండియాలో ఎటువైపండీ?"

"మొజాంబిక్," అంది దమయంతి.

సంతకాలయ్యాయి. ముద్ర పడింది. బయటికి వచ్చాక అబీలియో కాఫీ తాగిస్తానని మూలనున్న కొట్టులోకి నడిచాడు. సుఖ్‌చైన్ ఆమె పక్కన నిలబడి, చాలాసేపటి నుంచి నోట్లో నానుతున్నది అడిగేశాడు.

"ఆంటీ, మీరు ఆఫ్రికావాళ్ళా?"

"కాదు."

"మరి వీళ్ళలో మనిషా?"

"అవును. అంటే... కాగితం మీద అవును."

"ఇండియన్ అయితే కారా?"

"మా నాన్నది డయ్యూ."

"డయ్యూ ఇండియానేగా."

"అప్పుడు కాదు."

"ఇప్పుడు అవునుగా?"

"ఇప్పుడు నాన్న లేడు."

అతను ఆ మాటను అటూ ఇటూ తిప్పి చూసుకుని, ఎక్కడా పట్టు దొరకక వదిలేశాడు. ధ్రువపత్రానికి ఫోటో తీసి ఎవరికో పంపాడు. నిమిషం తిరగకుండానే ఫోన్ మోగింది. అతను గబగబా పంజాబీలో మాట్లాడి, ఫోన్ ఆమె చేతిలో పెట్టాడు. "మా అమ్మ. మీతో మాట్లాడతానంటోంది."

తెర మీద తల మీద చున్నీ వేసుకున్న ఒక ముసలామె. వెనక గేదె అరుపు. ఆమె చేతులు జోడించి ధారాళంగా మాట్లాడింది, మధ్యలో కన్నీళ్ళు పెట్టుకుంది, నవ్వింది. అంత పంజాబీలో దమయంతికి తెలిసింది రెండు మాటలు: కొడుకు, దేవుడు. మిగతాదానికి ఊఁ అంటూ వచ్చింది. చివర ముసలామె ఏదో అడిగి ఆగింది. ముసలామె మళ్ళీ అదే, ఈసారి మెల్లగా, చంటిపిల్లకు చెప్పినట్టు అడిగింది. కాఫీ కొట్టు గుమ్మంలోంచి అబీలియో, చల్లారిపోతోంది దోనా దయా, అని కేకేశాడు.

"సరే," అంది దమయంతి ఫోన్‌లోకి, హిందీలో. "సరే, సరే."

ముసలామె ముఖం విప్పారింది. పక్కకు తిరిగి ఎవరినో పిలిచి చెప్పింది. తెర మీదికి ఇంకో నలుగురు ఆడవాళ్ళు వచ్చి చేతులు ఊపారు.

ఫోన్ తిరిగి ఇచ్చేస్తూ, "ఏమడిగింది మీ అమ్మ?" అంది.

"ఇంటికి ఎప్పుడొస్తారని అడిగింది. ముందు మీరు రారనుకుంది, తర్వాత సరే అన్నారుగా." సుఖ్‌చైన్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. "దీపావళికి రమ్మంది. ఇప్పటికి ఊళ్ళో సగం మందికి చెప్పేసి ఉంటుంది ఆంటీ. ఇంక మీరు కాదంటే ఊరుకోరు."

అబీలియో బల్ల దగ్గర మూడు కప్పులు పెట్టించి కూర్చున్నాడు. ఆమె వెళ్ళి కూర్చుంది. "ఎవరు ఫోన్‌లో?" అన్నాడాయన.

"అతని వాళ్ళమ్మ."

"ఏమంటోంది?"

దమయంతి చక్కెర పొట్లం చింపింది. "నన్ను ఇంటికి రమ్మంటోంది," అంది.

"ఎవరింటికి?" అన్నాడు అబీలియో.

ఆమె సుఖ్‌చైన్ వైపు చూసింది. అతనికి ఆ ప్రశ్న అర్థం కాలేదు గాని, మర్యాదకి తల ఊపాడు. చక్కెర మొత్తం కప్పులో పోసేశాక గాని, తను చక్కెర వేసుకోదన్న సంగతి ఆమెకు గుర్తు రాలేదు. అలాగే తాగేసింది.